బిళ్ళలు ఆరిపోయిన ఏడాది

నమోదు 1

తూర్పు సొరంగం పంకా పొద్దుటి నుంచి గుర్రుమంటోంది. బెల్టు మార్చి, రెక్కల మీది మసి తుడిచి, చేతులు కడుక్కుని ఇంటికి వచ్చాను. అన్నానికి కూర్చున్నాక నా కొడుకు కొమురెల్లి గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాడు.

పుట్టగొడుగుల కూరలో ఉప్పు ఎక్కువైందట. కారణం అంతే.

గోడ మీంచి పులుసు జారుతుంటే ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. వాడికి పదిహేనేళ్ళు. ఈ రెండేళ్ళలో వాడు గొంతు పెంచడం కూడా నేను వినలేదు. వాడు తన చేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"అమ్మా, నేనెందుకట్ల జేసిన?"

దగ్గరికి వెళ్ళి వాడి చెవి వెనుక చూశాను. చర్మానికి అంటి ఉండే బిళ్ళ మీద ఎప్పుడూ వెలిగే పచ్చచుక్క లేదు. బిళ్ళ ఆరిపోయింది.

మా ఊరు చల్లబాయిలో పదమూడు నిండిన ప్రతి పిల్లకీ పిల్లవాడికీ చెవి వెనుక బిళ్ళ పెడతారు. పద్దెనిమిది నిండాక తీసేస్తారు. కోపమైనా దుఃఖమైనా భయమైనా పొంగేలోపే బిళ్ళ దాన్ని చల్లార్చేస్తుంది. పిల్లలు దాన్ని సల్లబిళ్ళ అంటారు. ఈ మధ్య ఒక్కొక్కరి బిళ్ళ ఆరిపోతోంది. ఎవరిది ఎప్పుడు ఆరిందో, ఆ తర్వాత పిల్లలు ఎలా ఉన్నారో రాసి ఉంచమని డాక్టర్ వసుంధర పని ముఠాల పెద్దలందరికీ చెప్పింది. నేను పంకాలు, తలుపులు చూసే గాలి ముఠా పెద్దను. పేరు స్వరూప. నా కింద ముగ్గురు పిల్లలు పనిచేస్తారు. నా కొడుకు ఒకడు, తబస్సుమ్, ఓదెలు మిగతా ఇద్దరు.

ఇది రాస్తున్నాను. గోడ ఇంకా తుడవలేదు.

నమోదు 2

కమిటీ కూర్చుంది. కొత్త బిళ్ళలు రావని తేలిపోయింది. వాటిని చేసే కార్ఖానా తీరంలో ఉండేది. దాన్ని మూసేశారని, అక్కడి జనం ఇంకెటో వెళ్ళిపోయారని పైనుంచి కబురు వచ్చింది. పైన ఎండ మనిషిని నిలవనీయదు, కొమురెల్లి నాయనలా సోలార్ పలకల పనికి వెళ్ళే కొద్దిమందే అక్కడ నీడ పట్టున ఉంటారు. మా ముత్తాతల కాలంలో జనం ఈ పాత బొగ్గుబాయిలోకి దిగి ఇక్కడే ఊరు కట్టుకున్నారు. పంకాలు గాలి తెస్తాయి, పంపులు నీళ్ళు తోడతాయి. ఏది ఆగినా ఊరు ఆగుతుంది.

కమిటీ పెద్ద రాజనర్సు లేచి మాట్లాడాడు. ఆయన మాట మెత్తగానే ఉంటుంది.

"బిళ్ళలు ఎందుకొచ్చినయో మీకు తెల్సు. ఒక పిల్లగాడు అన్నతోని కొట్లాడి, కోపంల పడమటి పంకా బంద్ జేసిండు. ఆడ పండుకున్నోళ్ళు మళ్ళ లేవలే. అండ్ల నా చెల్లె ఉన్నది. ఆ పిల్లగాడు చెడ్డోడు కాదు. కోపమొచ్చింది, గంతే. గట్ల కోపమొచ్చేటోళ్ళ చేతిల గాలి పెట్టొద్దు. పద్దెనిమిది నిండేదాకా పిల్లలను పంకాల కాడికి, పంపుల కాడికి రానియ్యొద్దు."

"మరి పనెవరు జేస్తరు పెద్దనాయనా?" అని అడిగాను. "వానలు పడితే బాయిలకు ఊట నీళ్ళొస్తయి. అప్పుడు మనకు ప్రతి చెయ్యి కావాలె."

"గదే నేను సుత ఆలోచిస్తున్న."

"వానలదాకా ఆగు. నా ముఠా పిల్లలకు నేను నేర్పుత."

"ఏం నేర్పుతవు?"

నేనూ పద్దెనిమిదేళ్ళ దాకా బిళ్ళ పెట్టుకున్నదాన్నే. అది తీశాక ఏడాదిపాటు పంకా గదిలో కూర్చుని ఎందుకో తెలియకుండా ఏడ్చాను. నాకెవరూ ఏమీ నేర్పలేదు, ఏం నేర్పాలో వెతుక్కోవాలనే చెప్పాను. అయినా రాజనర్సు తల ఊపాడు.

"వానలదాకా," అన్నాడు.

నమోదు 3

ఈ రోజు చూసింది రాయకుండా ఉండలేను.

సొరంగాల మధ్య మాకు జంట తలుపులుంటాయి. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒకేసారి తెరిస్తే గాలి దారి తప్పుతుంది, ఎక్కడో ఒకచోట మనుషులకు ఊపిరాడదు. అందుకే తలుపు ముందు ఎవరైనా ఆగి తమను తాము అడగాలి. గాలి ఎటు తోస్తోంది? అవతల ఎవరున్నారు? నేను తెరిస్తే ఏమవుతుంది?

కొమురెల్లి, ఓదెలు నా ముందు నడుస్తున్నారు. పనిముట్ల సంచి ఎవరు మోయాలన్న దాని మీద గొడవ. గొడవ అంతా కొమురెల్లిదే. ఓదెలు బిళ్ళ ఇంకా వెలుగుతోంది కాబట్టి వాడు నిమ్మళంగా "నీ ఇష్టం" అంటున్నాడు. ఆ నిమ్మళానికి మావాడికి ఇంకా మండిపోతోంది. పిడికిలి బిగించాడు. కొడతాడనే అనుకున్నాను.

అంతలో తలుపు వచ్చింది.

కొమురెల్లి ఆగాడు. అరచెయ్యి తలుపుకు ఆనించి, పైన కట్టిన దారం ఎటు ఊగుతోందో చూశాడు. తలుపుకున్న అద్దంలోంచి అవతలికి చూశాడు. తెరిచాడు, అందర్నీ దాటించాడు, మూశాడు, గడియ పడిందో లేదో లాగి చూశాడు. రెండో తలుపు దగ్గరా అంతే. అది దాటాక మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు గాని గొంతులో మునుపటి ఊపు లేదు. కాసేపటికి సంచి తనే భుజాన వేసుకున్నాడు.

మధ్యాహ్నం అడిగాను. "తలుపు కాడ నీ కోపమేమైందిరా?"

ఆలోచించాడు. "ఉండె. కని తలుపు కాడ తొందరపడితే మనిషి సస్తడు."

"మరి ఇంట్ల?"

"ఇంట్ల ఎవరు సస్తరు? గిన్నె పలిగింది గంతే."

నవ్వొచ్చింది. పని నేర్చుకునే రోజుల్లో చెయ్యి చాచే ముందు ఆగడం, రెండు మూడు సంగతులు ఒకేసారి బుర్రలో పట్టి ఉంచడం, జరగబోయేది ముందే ఊహించుకోవడం వాడితో వేల సార్లు చేయించి అలవాటు చేశాను. అలవాటు చేస్తున్నది గాలి పని అనే అనుకున్నాను అప్పుడు. అదే బుద్ధి కోపానికీ పనికొస్తుందని నాకు తట్టలేదు.

"ఇంట్ల సుత ఓ తలుపు పెట్టుకుందామా?" అన్నాను.

"యాడ పెడ్తవ్?" అని గోడలు చూశాడు. అంతలోనే అర్థమై సిగ్గుపడ్డాడు.

నమోదు 4

తబస్సుమ్ బిళ్ళ ఆరింది.

నేను నిశ్చింతగానే ఉన్నాను. పదహారేళ్ళ తబస్సుమ్ లెక్కల్లో ఊరి మొత్తానికి ముందుంటుంది. ఏ సొరంగంలో ఎంత గాలి ఉందో కాగితం లేకుండా చెబుతుంది. మావాడికే అంత బాగా కుదిరితే ఈ పిల్లకు చిటికెలో పని అనుకున్నాను.

పొరపాటు పడ్డాను. వారం తిరగకుండా పిల్లకు బుగులు పట్టుకుంది, ప్రతిదానికీ భయమే; ముఖం పీక్కుపోయింది. పంకా బేరింగులకు నూనె పోస్తూ మధ్యలో ఆగిపోయింది.

"అక్కా, గీ బేరింగు పోతదనుకో. పంకా ఆగుతది. ఆగితే రెండో పంకా మీద బరువు పడ్తది. అది వేడెక్కుతది. వేడెక్కితే తీగ కాల్తది. తీగ కాలితే పొగ. పొగ మా ఇంటి దిక్కే వస్తది. మా అమ్మీకి ఆయాసం..."

ప్రతి మెట్టూ నిజమే, లెక్క ఎక్కడా తప్పలేదు. తప్పకపోవడమే ఆ పిల్లను చంపుతోంది.

డాక్టర్ వసుంధరను అడిగాను. ఆమె మా తరం మనిషే, మొహమాటం లేకుండా మాట్లాడుతుంది.

"బుద్ధి ఎక్కువుంటే బుగులు తక్కువుంటదని నీకెవరు జెప్పిన్రు? బుద్ధి బండి లాంటిది. బుగులెక్కి తోలితే బుగులు దిక్కే పోతది. ఎంత మంచి బండైతే అంత దూరం పోతది. పిల్లకు ఆలోచన తక్కువ లేదు స్వరూపా. దాన్ని ఎటు మలుపాల్నో తెల్వది."

ఎలా మలపాలో ఆమెకూ తెలియదు. మలిపింది నా కొడుకే, అది కూడా విసుగుతో.

అన్నాల దగ్గర తబస్సుమ్ మళ్ళీ మొదలుపెట్టింది. పంపు ఆగితే, ఊట పెరిగితే, నీళ్ళ గేటు ఇరుక్కుంటే. కొమురెల్లి రొట్టె నములుతూ, "సరే, పంపు ఆగింది. నువ్వేం జేస్తవ్?" అన్నాడు.

ఆ పిల్ల తడబడింది. "చేతి పంపు పెడ్త."

"గేటు ఇరుక్కున్నది. ఇప్పుడేం జేస్తవ్?"

"పై గేటు దింపుత. నీళ్ళు పాత సొరంగంలకు మలుపుత."

"అటెన్క?"

"అటెన్క... అటెన్క సరిపోతది. పొద్దటిదాకా ఆగుతయి నీళ్ళు." ఆమె భుజాలు కిందికి దిగాయి. "నాకు ఇంకా కడుపుల మెలేస్తనే ఉన్నది కొమురెల్లీ."

"మెలెయ్యనీ. తినుకుంట మెలెయ్యనీ."

అప్పటి నుంచి రోజూ అన్నాల దగ్గర ముగ్గురూ ఇదే ఆట. ఒకరు ఆపద చెప్పాలి, మరొకరు తాము చేసే పని చెప్పాలి. చెప్పే ముందు ఒంట్లో ఎలా ఉందో చెప్పాలని తబస్సుమ్ నియమం పెట్టింది. గుండె దడదడ, చెవులు వేడి, కడుపులో మెలిక, ఏదైతే అది. ఓదెలు మాత్రం ప్రతిసారీ "ఏం లేదు" అంటాడు. వాడి పచ్చచుక్క నిశ్చలంగా వెలుగుతూ ఉంటుంది. ముగ్గురిలో వాడే అదృష్టవంతుడని అనుకుంటున్నాను.

నమోదు 5

ఇవాళ అంతా పాడైంది.

నీళ్ళ దగ్గర వరుసలో నిలబడ్డాం. రాజనర్సు అటుగా వచ్చి కొమురెల్లిని చూసి నాతో అన్నాడు, "ఈ పిల్లగాన్ని ఇంట్లనే ఉంచరాదు స్వరూపా. నలుగురిల తిప్పుడెందుకు?" ఆయన తిట్టలేదు, భయపడ్డాడంతే. కానీ మావాడు విన్నది వేరు.

"నేనేమన్న పిచ్చికుక్కనా?" అని అరిచి నీళ్ళ డ్రమ్మును కాలితో తన్నాడు. డ్రమ్ము దొర్లింది. పది ఇళ్ళ నీళ్ళు కాలువలో కలిశాయి.

నేను వాడి చెంప మీద కొట్టాను.

అంతమంది ముందు. వాడు నా వంక చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కారనివ్వలేదు.

"నువ్వు తలుపు కాడ ఆగలే అమ్మా," అన్నాడు.

ఇంటికి వచ్చాక నేనే వాడి పక్కన కూర్చున్నాను. "ఆగలే బిడ్డా. తప్పైంది. నువ్వు సుత ఆగలే."

"ఆగుదామనుకున్న. ఆగాల్నని యాదికొచ్చేసరికే డ్రమ్ము పడ్డది."

"యాదికైతే వచ్చింది కదా."

"పడ్డంక వస్తే ఏం లాభం?"

"ఇంతకుముందు పడ్డంక సుత రాకపోయేది."

ఇది చిన్న సంగతేనని నాకు తెలుసు. పోయిన నీళ్ళు చిన్న సంగతి కాదు. మా వంతు నీళ్ళు వారంపాటు ఆ ఇళ్ళకు పోస్తామని ఇద్దరం వెళ్ళి చెప్పి వచ్చాం. మావాడు ప్రతి గడప ముందూ తనే మాట్లాడాడు. రాజనర్సు ఇంటి ముందు మాత్రం తలుపు తట్టకుండా నిలబడ్డాడు. ఆయనే తలుపు తీసి, "పోయిరా," అన్నాడు. కానీ వెంటనే కమిటీ కబురు కూడా వచ్చింది. ఈ వారం పని అయ్యాక పిల్లలెవరూ ముఠాల్లోకి రాకూడదట.

నమోదు 6

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పైన వానలు ముందే వచ్చాయి. పాత నాలుగో సొరంగం చివర ఒండ్రు తీయకపోతే ఊట నీరు ఊళ్ళోకి తన్నుతుంది. పెద్దవాళ్ళంతా పంపుల దగ్గర ఉన్నారు. ముగ్గురు పిల్లలను పంపాను. వాళ్ళు లోపలికి వెళ్ళిన కాసేపటికి నేల అదిరింది. పరుగెత్తి చూస్తే సొరంగం మధ్యలో కప్పు కూలి, దారి మొత్తం రాళ్ళతో మూసుకుపోయి ఉంది. లోపలికి గాలి తీసుకెళ్ళే గొట్టం నలిగిపోయింది. గోడ వెంట వెళ్ళే ఫోను తీగ మాత్రం తెగలేదు.

ఫోను ఎత్తితే తబస్సుమ్ గొంతు. "అక్కా, ముగ్గురం ఉన్నం. దెబ్బల్లెవ్."

రాజనర్సు, మరి నలుగురు పారలతో వచ్చారు. నేను ఫోను గోడకున్న గట్టు మీద పెట్టి, అందరికీ వినపడేలా తిప్పాను. లోపల వాళ్ళూ అలాగే పెట్టుకున్నారు.

తబస్సుమ్ మొదట ఏడ్చింది. వెక్కిళ్ళ మధ్యలోనే, "నాకు గుండె దడదడ కొట్టుకుంటున్నది. చేతులు సల్లవడ్డయి," అంది.

కొమురెల్లి గొంతు వినపడింది. "నాకు సుత. సరే, కప్పు కూలింది. నువ్వేం జేస్తవ్?"

తర్వాత ఆమె నెమ్మదిగా లెక్క మొదలుపెట్టింది. సొరంగం వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, మనం ముగ్గురం. "ఉరుకులాడితే, ఏడ్చుకుంట కూసుంటే గాలి సాయంత్రందాకనే ఉంటది. నిమ్మళంగ కూసుంటే రేపు పొద్దటిదాకా వస్తది. దీపం ఒక్కటే ఉంచుదాం."

ఆ లెక్కే ఆమెను వారాల తరబడి నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు అదే లెక్కను పట్టుకుని నిలబడింది.

అప్పుడు ఓదెలు అన్నాడు, "ఎందుకు కూసునుడు? రాళ్ళ మీద సందున్నది. నేను పాక్కుంట పోత. బైట పడి అందర్ని తోల్కొస్త."

వాడి గొంతులో తొణుకు లేదు. చాయ్ తాగివస్తానన్నట్టు ఉంది. పారలు పట్టుకున్నవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. ఒకాయన, "పిల్లగాడు ధైర్యవంతుడు," అన్నాడు. నాకూ ఆశ పుట్టింది.

"ఆగు ఓదెలూ," అంది తబస్సుమ్. "ఆ సందు సూస్తే నాకు కడుపుల తిప్పుతుంది. ఎందుకో నన్ను సూడనీ."

"నాకేం బుగులైతలే."

"నీకు కాదు. నీ బిళ్ళ ఎల్గుతుంది. ఆగు."

"నువ్వు ప్రతిదానికి బుగులు పడ్తవ్ తబస్సుమ్."

రాళ్ళ మీద వాడు ఎక్కుతున్న చప్పుడు. తర్వాత పెనుగులాట. కొమురెల్లి వాడి కాలు పట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మావాడి ఊపిరి బుసబుసమని వినపడింది. ఆ ఊపిరి నాకు తెలుసు, డ్రమ్మును తన్నే ముందు విన్నదే. నేను కళ్ళు మూసుకున్నాను.

చాలాసేపటికి వాడు మాట్లాడాడు. ఒక్కో మాటా విడిగా పలికాడు. "ఓదెలూ, నిన్ను కొట్టబుద్ధైతుంది నాకు. కొట్ట. కాలు సుత ఇడుస్త. నువ్వు ఒక్కసారి కిందికి దిగి ఆమె జెప్పేది ఇను. ఇన్నంక నీ ఇష్టం."

రాళ్ళు జారిన చప్పుడు. ఓదెలు దిగాడు.

తబస్సుమ్ దీపం పైకెత్తినట్టుంది. "సూడు, ఆ సందుల నుంచి దుమ్ము రాల్తనే ఉన్నది. కూలుడు అయిపోతే దుమ్ము ఆగాలె కదా. ఆగలే. అంటే కప్పు ఇంకా కదుల్తున్నది. గందుకే నాకు కడుపుల తిప్పింది. నా కండ్లు ముందుగాల్నే సూసినయి, నాకు ఎన్కకు సమజైంది."

"సరే," అన్నాడు ఓదెలు. ఎప్పటిలాగే నిమ్మళంగా.

కొద్దిసేపటికి ఫోనులో పెద్ద చప్పుడు. ఆ తర్వాత దగ్గులు. సందు ఉన్నచోట కప్పు మళ్ళీ కూలింది. ముగ్గురూ వెనక్కి జరిగి ఉన్నారు.

ఇక్కడ నా సంగతి కూడా రాయాలి. ఆ చప్పుడుకు నాకు మతి పోయింది. పెద్ద డ్రిల్లు తెప్పించండి, గోడ పగలగొట్టండి, ఏం చూస్తున్నారని రాజనర్సు చొక్కా పట్టుకున్నాను. డ్రిల్లు పెడితే అదురుకు మొత్తం కూలుతుందని, చేత్తో ఒక్కో రాయే తీయాలని ఆయన చెబుతూనే ఉన్నాడు. నాకు వినపడటం లేదు.

ఫోనులోంచి, "అమ్మా," అన్నాడు కొమురెల్లి.

నేను అరుస్తూనే ఉన్నాను.

"అమ్మా, నీ ముంగట తలుపున్నది. ముందుగాల ఏం సూడాలె?"

అరవడం ఆపాను. చెయ్యి రాజనర్సు చొక్కా మీదే ఉంది. ఆయన గుండె కూడా దడదడా కొట్టుకోవడం నా చేతికి తెలుస్తోంది. అప్పటిదాకా ఆయన భయపడటం లేదనుకున్నాను.

"అవతల ఎవరున్నరో సూడాలె," అన్నాను.

"మేమున్నం. మంచిగనే ఉన్నం. తెరిస్తే ఏమైతది?"

"గట్టిగ తెరిస్తే కూల్తది."

"మరి మెల్లగ తెరువు."

నేను చొక్కా వదిలి, వంగి, మొదటి రాయి తీశాను. రాజనర్సు నా పక్కనే రెండో రాయి తీశాడు. మధ్యమధ్యలో కప్పు పడకుండా కర్రలు నాటుకుంటూ, ఒక్కో రాయే చేతులు మార్చుకుంటూ, సాయంత్రం దాకా అలాగే తీశాం. తబస్సుమ్ అప్పుడప్పుడూ గాలి ఎంత మిగిలిందో చెబుతూ వచ్చింది. ఒకసారి ఏడ్చింది. కొమురెల్లి ఆపబోతే, "ఏడ్వనీ, మెల్లగనే ఏడుస్తున్న, గాలి ఎక్కువేం పోదు," అంది. అప్పుడు రాళ్ళు మోస్తున్న వాళ్ళందరం నవ్వాం.

ముందు తబస్సుమ్ బయటికి వచ్చింది. తర్వాత ఓదెలు. కొమురెల్లి చివరిగా. వాడి జుట్టంతా దుమ్ము. నన్ను పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆపమని నేను అనలేదు.

నమోదు 7

ముగ్గురూ కోలుకుంటున్నారు. ఓదెలుకు దెబ్బ తగల్లేదు గాని వాడే నా దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ఏదో వస్తువు పోయిందని చెప్పేవాడిలా మాట్లాడాడు.

"అక్కా, గాయింత ఆగకపోతే నేను సచ్చిపోతుంటి. గది నాకు ఎరుకే. యాది జేసుకున్నా నాకు బుగులైతలేదు. కావాలె కదా? గిట్ల ఉండుడు మంచిది కాదు. బిళ్ళ తీసెయ్యి."

"వాళ్ళిద్దరు ఎంత కష్టపడ్డరో సూసినవు కదరా. ఇంకొన్ని రోజులైతే అదే ఆరుతది."

"సూసిన. వాళ్ళతోనే నేర్చుకుంట."

డాక్టర్ వసుంధరను పిలిచాను. ఆమె వాడిని చాలాసేపు ప్రశ్నలడిగి, వాడి తల్లిదండ్రులతో మాట్లాడి, తీసింది. వెలుగుతూనే ఉన్న ఆ బిళ్ళను దాచిపెట్టింది. దుఃఖంలోంచి ఎంతకీ బయటపడలేని పిల్లలెవరైనా ఉంటే కొన్నాళ్ళు ఆసరాగా వాడతానంది. అందరికీ అన్నేళ్ళు పెట్టడమే తప్పని, బిళ్ళ తప్పు కాదని ఆమె మాట. నాకూ అలాగే అనిపిస్తోంది.

రాజనర్సు కమిటీలో లేచాడు. "నేను మొత్తానికి మారిపోయిన అని ఎవరు అనుకోవద్దు," అని మొదలుపెట్టాడు. "నాకు ఇంకా భయమున్నది. మా చెల్లె యాదికొస్తది. కని ఆ దినం నేను ఫోనుల ఇన్న. మన పెద్దోళ్ళం ధైర్యమనుకున్నది ధైర్యం కాదు. ఆ బిడ్డ బుగులే ముగ్గుర్ని కాపాడింది, బుగుల్ల ఉండి ఆలోచన జేసింది గనుక. పిల్లలు పనికి రానీ. పక్కన ఓ పెద్దమనిషి ఉండాలె. స్వరూప ముఠా అన్నాల కాడ ఆడే ఆటేందో, అది అన్ని ముఠాలల్ల ఆడాలె."

తర్వాత మావాడి వైపు తిరిగి, "పెద్దోళ్ళు సుత ఆడాలె," అన్నాడు.

నమోదు 8

ఓదెలు పంపు గదిలో ఏడుస్తున్నాడని తబస్సుమ్ వచ్చి చెప్పింది. వెళ్ళాను. నేల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"మా నాయనమ్మ," అన్నాడు.

వాళ్ళ నాయనమ్మ పోయి రెండేళ్ళు దాటింది. అప్పుడు వాడు అందరికీ నీళ్ళందిస్తూ తిరిగాడు, ఒక్క చుక్క రాల్చలేదు. గట్టి పిల్లవాడని ఊరంతా మెచ్చుకుంది. ఆ దుఃఖం ఇన్నాళ్ళు ఎక్కడుందో, దారి దొరకగానే వచ్చింది.

కొమురెల్లి వాడి పక్కన కూర్చున్నాడు. "ఎట్లుంటుండె మీ నాయనమ్మ?" అని అడిగాడు. ఓదెలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె పుట్టగొడుగులు ఎండబెట్టేదట, ఎవరూ చూడకుండా వీడి జేబులో పోసేదట. చెబుతూ ఏడ్చాడు, ఏడుస్తూ ఒకసారి నవ్వాడు. పంపు ఆగకుండా తబస్సుమ్ చూసుకుంది.

నమోదు 9

వానలు తగ్గాయి. డాక్టర్ వసుంధర ఇక రాయడం ఆపవచ్చంది. ఇదే ఆఖరిది.

కొమురెల్లి నాయన పైన సోలార్ పలకల దగ్గర పనిచేస్తాడు, వారాల తరబడి అక్కడే ఉంటాడు. చలికాలంలో ఆ పని నేర్చుకోవడానికి తనూ పైకి వెళ్తానని మావాడు ఇవాళ అన్నాడు. వీల్లేదన్నాను. ఎందుకని అడిగాడు. వద్దంటే వద్దన్నాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి, దవడ బిగుసుకుంది. చేతిలో మంచినీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

నేను పొయ్యి దగ్గరే నిలబడ్డాను. వాడి వెంట పరుగెత్తాలనిపించింది. తిట్టాలనిపించింది. పైన ఎండ, నేలకూలిన పలకలు, దారి తప్పిన మనుషులు, ఒకదాని వెనుక ఒకటి కళ్ళ ముందుకు వచ్చాయి. అది భయమని, కోపం కాదని గుర్తుపట్టడానికి నాకు ఇంత వయసు పట్టింది.

చాలాసేపటికి వాడు తిరిగొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కోపం పోలేదమ్మా," అన్నాడు. "ఇంకా ఉన్నది. కని మాట్లాడ్త."

"నాకు సుత బుగులు పోలే," అన్నాను. పీట జరిపాను. "కూసో. నువ్వు ముందు జెప్పు."